హెడరు దస్త్రముల దారి

తిరువూరు ప్రాంతమున పెనుగొలనువంటి ఊరికి క్రొత్తవాడొకడు వచ్చి “రామయ్యగారి ఇల్లెక్కడ?” అని అడిగినచో, దారిలో మొదట ఏ రామయ్యగారున్నారో ఆయన ఇంటినే చూపుదురు. తనకు కావలసిన రామయ్యగారు వెనుక వీధిలో ఉన్నచో చిక్కే. కంపైలరు నడక సరిగా ఇట్టిదే.

లినక్సు వ్యవస్థకు కెర్నెలు గర్భగుడి వంటిది. అందు జరుగు పనిని కనిపెట్టుటకై వ్రాయు చిన్న ప్రోగ్రాములను ట్రేసింగు ప్రోగ్రాములందురు. 2014లో వచ్చిన లినక్సు 3.18లో బీపీఎఫ్ సిస్టం కాల్ చేరినది. మరుసటి ఏట 4.1లో ఇట్టి ప్రోగ్రామును కెర్నెలు ఫంక్షనుకు తగిలించు వీలు కలిగినది. వీనిని సీ భాషలో వ్రాసి క్లాంగ్ అను కంపైలరుతో బీపీఎఫ్ యంత్రభాషలోనికి మార్తురు.

నిర్మాణముల వర్ణన హెడరు దస్త్రములలో నుండును. “మైనస్ పెద్ద ఐ” అను గుర్తుతో మనము చూపిన డైరెక్టరీలను కంపైలరు వరుసగా వెదకి, మొదట దొరికినదానినే తెరచును. పిదప వ్యవస్థ డైరెక్టరీలు. “ఐడిరాఫ్టర్” అని చూపినవి అన్నిటికంటె కడపట.

ఉబుంటు, డెబియనులలో క్రొత్తవారికి తరచు ఎదురగు అడ్డంకి “ఏఎస్ఎమ్ టైప్స్ హెడరు దొరకలేదు” అనునది. ఆ దస్త్రము యంత్రజాతి పేరుగల ఉపడైరెక్టరీలో ఉన్నది. లక్ష్యము బీపీఎఫ్ అని చెప్పగనే క్లాంగ్ ఆ జాతిపేరును విడిచివేయును గనుక అక్కడ వెదకదు. ఆ డైరెక్టరీని ఐడిరాఫ్టరుతో చూపుట మేలు. పెద్ద ఐతో చూపినచో అది ముందువరుసకు వచ్చి ఇతరములను మరుగుపరచవచ్చును.

దొరకకపోవుట చిన్న కష్టమే, కంపైలరు అరచి చెప్పును. వేరొక కెర్నెలు హెడరు దొరకుటయే పెద్ద కీడు. ప్రోగ్రాము చక్కగా తయారగును, వెరిఫయరు అనుమతించును. కాని నిర్మాణములోని స్థానములు మారియుండుటచే, ఒక అంకె బదులు మరియొక అంకె చదివి గంభీరముగా మనకందించును. వెరిఫయరు కెర్నెలును కాపాడును గాని, మన అంకెల అర్థమును కాదు.

ఇందుకై బీపీఎఫ్‌టూల్ అను సాధనముచే, నడుచుచున్న కెర్నెలునుండియే “వీఎంలినక్స్” హెడరును వ్రాయించుకొనవచ్చును. సాధారణముగా అది లక్ష పంక్తులకు పైబడును; చదువబోకుడు! అందులో డిఫైను స్థిరాంకములు రావు, కావలసినవి చేతితో వ్రాసికొనవలెను. లినక్సు టైప్స్ హెడరును దానితో కలిపినచో “ఇది మరల నిర్వచింపబడినది” అని తప్పులు వెల్లువెత్తును. సభ్యములను కోర్ పద్ధతిలో చదివినచో, వేరు కెర్నెలుపై ఎక్కించునపుడు లిబ్‌బీపీఎఫ్ స్థానములను సరిదిద్దును.

ఏ ఇంటికి వెళ్ళినదో సందేహము కలిగినచో, “మైనస్ పెద్ద హెచ్” చేర్చి కంపైలు చేయుడు. తెరచిన ప్రతి హెడరు పేరును, దాని దారితో సహా, క్లాంగ్ తెరమీద వ్రాసి చూపును.