ఒక ఊరికి తెలిసింది పక్క ఊరికి తెలియాలి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, స్త్రీనిధి ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత శాతం, అన్నీ చదివారు. రూపాయి తేడా రాకుండా రాసుకోవడం మనకి వచ్చింది. కానీ మనకి తెలిసిన సంగతులు మాత్రం ఎక్కడా రాసుకోం. అవి ఒకరిద్దరి బుర్రల్లో ఉంటాయి. ఆ మనిషి పదవి దిగినా, యానిమేటర్ మారినా, ఆ సంగతులు కూడా ఆమెతోనే వెళ్ళిపోతాయి. కొత్తగా వచ్చినామె మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

ఒక్కటి చెప్తాను. పోయిన వానాకాలం మా ఊళ్ళో ఒక అక్క లోను మీద కొన్న గేదె చచ్చిపోయింది. బీమా ఉంది. వాసన వస్తుందని సాయంత్రానికల్లా గొయ్యి తీసి పాతేశారు. చెవికి ఉన్న ట్యాగు కూడా దాంతోనే పోయింది. పశువుల డాక్టరు చేత పోస్టుమార్టం లేదు, ఫొటో లేదు. ట్యాగు లేకపోతే క్లెయిము లేదన్నారు. ఆ అక్క గేదె లేకుండానే ఇప్పటికీ కిస్తీ కడుతోంది. మాకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో అంతకు రెండేళ్ళ ముందే ఇదే జరిగింది. వాళ్ళు నేర్చుకున్నారు. ముందు బీమా వాళ్ళకి ఫోను చేయాలి. డాక్టరు వచ్చి చూసేదాకా పాతకూడదు. ట్యాగు కనపడేలా ఫొటో తీయాలి, ఆ ట్యాగు పారేయకూడదు. ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో ఒకామెకి డబ్బులు వచ్చాయి కూడా. వాళ్ళ లీడరూ నేనూ ప్రతి నెలా ఇదే హాల్లో పక్కపక్కనే కూర్చుంటాం. వాయిదాల గురించి మాట్లాడుకుంటాం గాని గేదె చెవి గురించి ఎందుకు మాట్లాడుకుంటాం చెప్పండి?

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది. అందులో ఎవరో ఎప్పుడో మంచి సంగతే పెట్టి ఉంటారు. అది కావాలని పైకి జరుపుకుంటూ పోతే శుభోదయం పూలు, పుట్టినరోజు కేకులు. అడిగిందే మళ్ళీ అడుగుతాం, చెప్పిందే మళ్ళీ చెప్తాం. చివరికి చెప్పే ఆమెకి విసుగొచ్చి ఊరుకుంటుంది.

అందుకే వికీ అనేదాని గురించి అడుగుతున్నాను. దీన్ని 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన తయారుచేశాడు. కంప్యూటర్ పని చేసేవాళ్ళు ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోవడానికే చేశాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. అక్కడి విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు చూసి పెట్టాడట. వికీపీడియా 2001లో వచ్చింది, తెలుగులో 2003లో మొదలైంది. మనలాంటి మామూలు మనుషులే జీతం లేకుండా రాస్తారు. అది లోకమంతటికీ. అలాంటిదే ఒక సంస్థ తన వాళ్ళ వరకే పెట్టుకోవచ్చు, తాళం వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నడపడానికి మాత్రం కొంచెం ఖర్చు ఉంటుంది, అది దాచను.

దాని పద్ధతి మన మినిట్స్ పుస్తకానికి తిరగేసి ఉంటుంది. మినిట్స్‌లో తేదీ ప్రకారం రాస్తాం. వికీలో సంగతి ప్రకారం రాస్తాం. 'గేదె చనిపోతే' అని ఒక పేజీ. 'ద్రవజీవామృతం' అని ఒక పేజీ. రూలు మారితే కొత్త పేజీ కాదు, ఉన్న పేజీనే దిద్దుతాం. పాతది పోదు, వెనకాల చరిత్ర ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏం మార్చారో కనపడుతుంది. ఎవరైనా తప్పు రాస్తే ఒక్క నొక్కుతో ముందున్నది తెచ్చుకోవచ్చు. అభిప్రాయం తేడా వస్తే పక్కనే చర్చ పేజీ ఉంటుంది. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి అని అందరం ఒప్పుకుంటాం. మూత్రం ఐదు లీటర్లా పదా అంటే రెండు ఊళ్ళు కొట్టుకుంటాయి. ఆ కొట్లాట అక్కడ పెట్టుకోవచ్చు. ఎవరి చేలో ఏం పండిందో కూడా రాస్తే ఇంకా మంచిది.

మొన్న కమిటీలో ఒక మాట వచ్చింది. రాసే హక్కు సీసీలకి, అకౌంటెంట్‌కి మాత్రమే ఇద్దాం, సభ్యులు చదివితే చాలు అని. నేను ఒప్పుకోను. పెద్దవాళ్ళ మాటని కాదనడం కాదు. గేదె చెవి సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, గేదె పోయినామెకే తెలిసింది. తెలిసిన మనిషి రాయాలి. చదువు రాని అక్కలు ఫోనుకి తెలుగులో చెప్తే అదే అక్షరాలు పెడుతుంది, తప్పులుంటే పిల్లలు దిద్దుతారు. అదీ కుదరకపోతే ఆమె చెప్తుంది, యానిమేటర్ రాస్తుంది, పేరు మాత్రం ఆమెదే ఉండాలి.

అక్కడ పెట్టకూడనివి ఉన్నాయి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరు ఎంత బాకీ, ఎవరు కట్టలేదు. అది సంఘంలో మాట్లాడుకునే సంగతి, ఇంకో ఊరివాళ్ళు చదివేది కాదు. ఒకామె పరువు పోయాక చరిత్ర పేజీలో వెనక్కి తిప్పినా రాదు.

ఇంకో భయం నాకే ఉంది. మొదటి రెండు నెలలు ఉత్సాహంగా రాస్తాం, తర్వాత మర్చిపోతాం. పాతబడిన రూలు అలాగే ఉండిపోతే, దాన్ని నమ్మి వెళ్ళినామె ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. రాయకపోవడం కంటే అది చెడ్డది. కాబట్టి ప్రతి పేజీ కింద చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. ప్రతి పేజీకి రెండు ఊళ్ళ నుంచి ఇద్దరు చూసుకోవాలి, ఒకామె పదవి దిగినా ఇంకొకామె ఉంటుంది. గ్రామ సంఘం మీటింగులో ఆఖరి పది నిమిషాలు, ఈ నెల ఏం కొత్తగా తెలిసింది అని అడిగి అక్కడే రాయాలి.

మొదట పది పేజీలు చాలు. 'గేదె చనిపోతే' పేజీ నేను కాగితం మీద రాసి తెచ్చాను. రాత్రిపూట పశువు పోతే ఎవరికి ఫోను చేయాలో అందులో ఖాళీగా ఉంది. తెలిసినవాళ్ళు భోజనాల దగ్గర చెప్పండి. సభ్యులందరికీ రాసే హక్కు ఉండాలన్న తీర్మానం మధ్యాహ్నం చదువుతారు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి, ఒప్పుకోనివాళ్ళు ఎందుకో లేచి చెప్పండి, అది కూడా రాసుకుందాం.