పిల్లల స్థూలకాయము – ఇంటికి తగిన ఆన్‌లైన్ కార్యక్రమము
(హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో జరిగిన మన సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు ఈ నగరమునకు వచ్చి స్థిరపడిన నాడు బిడ్డ బొద్దుగా నుండుట ఇంటి కలిమికి గుర్తు. ఆ తలపు మనలో నింకను పోలేదు. ఎవరైన “పిల్లవాడు చిక్కినాడే” యనినచో తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. “లావైనాడే” యనినచో దిష్టి తీయుదుము! కాని మన దేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో అధిక బరువు గలవారు 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 2.1 కాగా, 2019–21 నాటికి 3.4 అయినది.

ఈ పేటలో చిరుతిండి పది నిమిషములలో గుమ్మము చేరును. దానిని తెప్పించు ఫోనే పిల్లవానిని అగర చెరువు గట్టునకు పోనీయక సోఫాకు కట్టివేయుచున్నది. అట్టి ఫోనునే తల్లిదండ్రులకు తోడుగా చేయవచ్చునా యని, మన యువ ఇంజనీర్లతో కలిసి గత యేడు ప్రయత్నించితిమి. మొదటి నమూనా చెడినది. ఆ మాట చెప్పుటకు మేము సిగ్గుపడము.

అందులో వారము వారము పిల్లల బరువు వ్రాయవలెనని పెట్టితిమి. ఒక యింట పదకొండేండ్ల బాలిక ఆ అంకెకు వెరచి రాత్రి భోజనము మానివేసినది. తల్లి వచ్చి చెప్పినప్పుడు మా నోట మాట రాలేదు. ఎదుగు బిడ్డ బరువు పెరుగుట సహజము గదా! వయస్సు, ఎత్తు, ఆడ మగ భేదము చూడక ఆ అంకెను చదువరాదు. భారత శిశువైద్యుల సంఘము 2015లో సవరించిన ఎదుగుదల పట్టికలు ఇందులకే యున్నవి. వాటిని చూచి చెప్పుట వైద్యుని పని. బరువు గడిని నాడే తీసివేసితిమి.

రెండవ తప్పు ఇంకను పెద్దది. పాఠములన్నియు ఇంగ్లీషున వ్రాసి తల్లిదండ్రులకు పంపితిమి. వంట చేయునది నాయనమ్మ! ఆమెకు ఇంగ్లీషు రాదు. మనుమడు తెలుగు మాటలాడును గాని చదువలేడు. బడిలో నేర్చినది కన్నడము, ఇంగ్లీషు. తరతరములుగా ఇచట నున్న మన యిండ్ల సంగతి ఇది. కనుక పాఠము చెవికి వినిపించునదిగా నుండవలెను, రెండు నిమిషములకు మించరాదు, మన యింటి తెలుగులో నుండవలెను. కొలత గ్రాములలో గాక గరిటెలలో, గ్లాసులలో చెప్పవలెను. తీపి పానీయము 300 మిల్లీలీటర్లలో చక్కెర సుమారు 30 గ్రాములని చెప్పుట కంటె, ఆరు చెంచాలు ఒక గ్లాసులో పోసి చూపినచో నాయనమ్మయే సీసాను ఇంటికి రానీయదు.

చిన్న సందేశము చాలునా యని కొందరి సందేహము. 2012లో ఆరోగ్య వరల్డ్ సంస్థ నోకియా తోడ్పాటుతో మధుమేహ నివారణకు 12 భాషలలో పది లక్షల మందికి ఫోను సందేశములు పంపినది. అందుకొన్నవారి తిండి అలవాట్లు కొంత మెరుగుపడినట్లు తరువాతి పరిశీలనలో తేలినది. ఆహార విలువల లెక్కలకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2019లో తెచ్చిన యాప్ ఉన్నది. మనము మరల లెక్క కట్ట నక్కరలేదు.

ఖర్చు భరింతునని ఒక చిరుతిండ్ల వ్యాపారి ముందుకు వచ్చెను, వలదంటిమి. పిల్లల వెంటబడి ప్రకటనలు చూపుట 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ ఒప్పదు.

వచ్చు ఆదివారము గొంతులు రికార్డు చేయుదుము. నాయనమ్మలు, అమ్మమ్మలు దయచేయవలెను. ఇంట వాడు గరిటెను వెంట తెండు. కొలత దానితోనే తీయవలసియున్నది.