చెప్పిన మాట తీర్మానం కావాలి

(ఆత్మకూరులో జరిగిన యువతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్ళల్లో సభ జరిగితే ఆడపిల్లలకు ఒక పని తప్పక ఒప్పజెబుతారు. ప్రార్థన గీతం పాడాలి, పెద్దలకు పూలదండలు అందించాలి. ఆ తర్వాత మైకు వాళ్ళ దగ్గరకు రాదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి, కాలేజీ వేళకు రాని బస్సు గురించి, చదువు మాన్పించి చేసే పెళ్ళి గురించి ఆ పిల్లలకు చెప్పాల్సింది ఎంతో ఉంటుంది. అడిగేవాళ్ళుండరు.

అడిగిన రోజులు కూడా ఈ మెట్ట ప్రాంతానికి ఉన్నాయి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం మొదలైంది. పగలంతా కష్టపడి వచ్చిన స్త్రీలకు రాత్రిళ్ళు చదువు చెప్పిన వాలంటీర్లలో యువతీ యువకులు ఎందరో. కళాజాత బృందాలు పాటలతో, నాటికలతో ఊరూరా తిరిగాయి. వాచకంలో సీతమ్మ కథ చదివి, ఈ కష్టానికి కారణమేమిటని స్త్రీలు చర్చించుకున్నారు. ఆ చర్చ సారా కొట్టు దగ్గర తేలింది. ఉదయగిరికి తూర్పున, కలిగిరి మండలం దూబగుంటలో 1992లో వర్ధినేని రోశమ్మ, తోటి స్త్రీలు కలిసి సారా కొట్టు మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై తక్కిన ఊళ్ళకు చేరింది.

ఒక విషయం గమనించండి. స్త్రీలు కేవలం మాట్లాడి ఊరుకోలేదు. సారా వేలంపాటకు ఒక తేదీ ఉంది, జరిపించే అధికారులున్నారు. జవాబు చెప్పక తప్పని వాళ్ళ ముందుకే వెళ్ళి నిలబడ్డారు. వేలం పదే పదే వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. గెలుచుకున్న దాన్ని కూడా కాపలా కాసుకోవాల్సిందే.

అలా జవాబు అడగదగిన చోటు ఈనాడు మనకు గ్రామసభ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, గ్రామ ఓటర్ల జాబితాలో ఉన్నవారంతా దాని సభ్యులు. పద్దెనిమిదేళ్ళు నిండి, జాబితాలో పేరున్న యువతిని ఎవరూ ప్రత్యేకంగా పిలవనక్కర్లేదు. అది ఆమె హక్కు. మరి పద్దెనిమిది నిండని వాళ్ళ సంగతి? తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లోనే దానికి ఒప్పుకుంది.

అందుకని మన సంఘాలు ఈ పని చేపట్టాలని నా సూచన. గ్రామసభకు వారం ముందు పిల్లలతో, యువతులతో విడిగా సమావేశం జరపాలి. దళితవాడ పిల్లలు జంకు లేకుండా వచ్చి కూర్చునే చోటు చూడాలి. చీకటి పడకముందే ముగించాలి. వాళ్ళు చెప్పినవి గ్రామసభలో చదివి, తీర్మానాల పుస్తకంలో రాయించాలి. మరుసటి సభలో మొదట అడగాల్సింది, వాటి మీద ఏం చేశారని.

ఇంకొక్క జాగ్రత్త. బెల్టుషాపు గురించో, తన పెళ్ళి గురించో నోరు విప్పిన పిల్ల ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తినకూడదు. కనుక ఆ మాట ఒక పిల్ల పేరున కాక అందరి మాటగా సభకు వెళ్ళాలి. మాట్లాడమని ప్రోత్సహించిన మనం, మర్నాడు ఆమె వాకిట్లో కూడా నిలబడాలి.