తక్కువ పెట్టుబడితో ఉప్పునీటి తొట్టి

(తూత్తుకుడిలో జరిగిన మన సంఘ యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పఠనమందిరములో ఉప్పునీటి తొట్టి నొకదానిని నెలకొల్పి, పగడపు దిబ్బలలో బ్రతుకు జీవములను బాలబాలికలకు చూపవలెనని యువజన శాఖవారు కోరియున్నారు. కోరిక మంచిది. కాని సంఘ నిధి చిన్నచిన్న చందాలతో కూడినది. ఆ ధనము అద్దపు పెట్టెలో చచ్చిన చేపలై తేలినచో చందా ఇచ్చినవారికి మనమేమి సమాధానము చెప్పగలము? మేము వర్తకులము, శాస్త్రజ్ఞులము కాము. అయినను మా దుకాణమున ఇట్టి తొట్టిని కొన్నియేండ్లుగా సాకుచున్నాము. ఆ అనుభవమునుబట్టి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

తొట్టిని కొను వెల వేరు, తొట్టిని పోషించు వెల వేరు. క్రొత్తవారు మొదటిదానినే లెక్కింతురు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిని తీసికొందము. రాళ్లు, ఇసుక పోగా అందు సుమారు 100 లీటర్ల నీరు పట్టును. లీటరునకు దాదాపు 37 గ్రాముల వంతున మొదటిసారి కావలసిన ఉప్పు 3 కిలోల 700 గ్రాములు. వారమునకు 10 లీటర్ల నీరు మార్చవలెను గనుక వారమునకు 370 గ్రాములు, సంవత్సరమునకు 19 కిలోలకు పైగా ఉప్పు పట్టును. అనగా మొదటి ఉప్పునకు అయిదు రెట్లు. ఇక విద్యుత్తు: నీటిని త్రిప్పు మోటారు, మలినములను నురుగుగా తీయు స్కిమ్మరు, ఎనిమిది గంటల దీపము, ఫ్యాను, అన్నియు చిన్నవే అయినను నెలకు సుమారు 28 యూనిట్లు కాలును. కనుక మనచేత నూరు రూపాయలున్నచో అరువది మాత్రమే సామానులకు వెచ్చించి, నలువది మొదటి సంవత్సరపు పోషణకు ప్రత్యేకముగా నుంచవలెను. అట్లు ఉంచలేనినాడు తొట్టి జోలికి పోకుండుటయే మేలు.

చిన్న తొట్టియైనచో ఖర్చు తగ్గదా యని కొందరు అడిగిరి. వెల తగ్గును, అపాయము పెరుగును. నీరు ఆవిరియగునే గాని ఉప్పు ఆవిరి కాదు. 20 లీటర్ల తొట్టిలో ఒక లీటరు ఆవిరియైనచో ఉప్పదనము నూటికి అయిదు వంతులు హెచ్చును; 100 లీటర్ల తొట్టిలో ఒక్క వంతే హెచ్చును. అందుచేతనే ఆవిరియైన మేరకు ప్రతిదినము మంచినీరే పోయవలెను, ఉప్పునీరు కాదు. ఆ మంచినీరు కూడ కొళాయి నీరు గాక, ఆర్‌.ఓ. యంత్రములో వడగట్టిన నీరై యుండవలెను. రాగి ఏ రూపమున చేరినను నత్తలు, పీతలు, రొయ్యలు చచ్చును గనుక రాగి గొట్టముల నీరు, రాగి పాత్రలు పనికిరావు.

మన ఊరి ఉప్పళములలో ఉప్పు గుట్టలుగా నుండగా వేరే ఉప్పు కొనుట ఏల అను ప్రశ్న కూడ వచ్చినది. న్యాయమైన ప్రశ్నయే. ఉప్పళములో సముద్రజలము ఎండుచుండగా సున్నపు అంశము జిప్సముగా ముందే అడుగున చేరును. తరువాత మనము తిను ఉప్పు పేరును. మెగ్నీషియము చేదునీటిలో మిగిలి బయటికి పోవును. కనుక ఉప్పళపు ఉప్పు వంటకు సరిపోవును గాని, దానిని నీట కలిపినంత మాత్రమున సముద్రజలము కాదు. సముద్రపు నీటినే తెత్తుమన్నచో రేవునకు, కర్మాగారములకు దగ్గర నీరు పనికిరాదు. దూరము నుండి ప్రతివారము మోయించు కూలి, ఉప్పు వెలను మించిపోవును. తొట్టికై తయారుచేసిన ఉప్పునే కొని, రిఫ్రాక్టోమీటరుతో కొలిచి, లీటరునకు 35 గ్రాముల ఉప్పదనము నిలుపుట మంచిది.

ఇక ఓర్పు మాట. ఆలస్యము అమృతము విషమందురు. ఈ పనియందు మాత్రము తొందరయే విషము. చేపల మలమూత్రముల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుట్టును. సముద్రజలమున దాని విషశక్తి మరింత అధికము. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఆ సూక్ష్మజీవులు రాళ్లలో, ఇసుకలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టిలో చేప ఉండరాదు. చిటికెడు మేత వేసి, వారమునకు రెండుసార్లు నీటిని పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు రెండును పెరిగి మరల సున్నకు దిగిన పిమ్మటనే మొదటి జీవము దిగవలెను. ఈ ఆరు వారములకు పెద్ద ఖర్చు లేదు. ఉత్త తొట్టిని చూచి నవ్వువారి మాటలను ఓర్చుకొనుటయే ఖర్చు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. ఈ తొట్టిలో పగడములు ఉండవు. ఇది కొందరికి నిరాశ కలిగించును. కాని మనము మన్నారు సింధుశాఖ ఒడ్డున నివసించుచున్నాము. తూత్తుకుడి మొదలు రామేశ్వరము వరకు గల 21 దీవులను, వాని చుట్టునున్న దిబ్బలను 1986లో జాతీయ సాగర ఉద్యానముగా ప్రకటించిరి. అంతకు పూర్వము దశాబ్దముల తరబడి పగడపు రాతిని సున్నమునకు, కట్టడములకు త్రవ్వితీసిరి. వానిలో రెండు దీవులు నీటమునిగినవి. అందుకు ముఖ్యకారణములలో ఆ త్రవ్వకము ఒకటి. దిబ్బ యనగా అలల తాకిడికి అడ్డుగోడ. గోడ పోయిన పిదప ఇల్లు నిలుచునా? 2001లో దిబ్బలు కట్టు పగడములన్నింటిని, సముద్రపు విసనకఱ్ఱలను, సముద్రపు గుఱ్ఱములను, సముద్ర దోసలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. బ్రతికియున్న పగడమును గాని, చచ్చిన పగడపు రాతిని గాని తీయుట, అమ్ముట, కొనుట నేరము. చౌకగా వచ్చుచున్నదని రహస్యముగా కొన్న రాయి సంఘమునకు అపకీర్తి తెచ్చును. పరభాషా ప్రాంతమున తరతరములుగా గౌరవముతో బ్రతుకుచున్న మనకు ఆ బేరము ఎన్నటికిని గిట్టదు.

మన తెలుగిండ్ల మంగళసూత్రములలో గ్రుచ్చు ఎఱ్ఱపగడము వేరు. అది మధ్యధరా సముద్రము మొదలగు చోట్ల లోతునీట పెరుగు జాతి. ఇచ్చటి దిబ్బలను కట్టు జాతి కాదు. పిల్లలకు ఈ భేదము కూడ చెప్పవలెను.

పగడములేని దిబ్బ దిబ్బయగునా? చట్టబద్ధముగా తయారైన పింగాణి రాళ్లను పేర్చి గుహలు, అరుగులు కట్టినచో, కొన్ని మాసములలో వానిపై పచ్చని నాచు పట్టును, రాతిసందుల పురుగులు చేరును. నత్తలను, శంఖపు పెంకులో కాపురముండు పీతలను కొన్నింటిని విడువవచ్చును. చేపలు రెండే చాలును: నారింజవన్నెపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపల జంట. ఈ చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారును, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయ కేంద్రమువారును గ్రుడ్డు నుండి పెంచు విధానమును సాధించిరి. కనుక సముద్రమున పట్టినవి గాక, పెంపుడు కేంద్రములలో పుట్టినవానినే అడిగి, రసీదు తీసికొని కొనవలెను. వేరే మెత్తని జాతులపై మున్ముందు ఆశ కలిగినచో ముందుగా అటవీశాఖవారిని వ్రాతమూలకముగా అడిగిన పిదపనే ముందుకు పోవలెను.

మన ప్రాంతమున పెద్ద శత్రువు వేడి. 1998లోను, 2010లోను, 2016లోను నీరు వేడెక్కి ఈ సింధుశాఖలోని పగడములు తెల్లబారినవి. తొట్టిలో నీరు 26, 27 డిగ్రీలుండుట మేలు. చల్లబరచు యంత్రమునకు వెల అధికము. తొట్టిని ఎండతగలని గోడకు చేర్చి, మూత తీసి వల కప్పి, నీటిపై చిన్న ఫ్యాను తిప్పినచో రెండు మూడు డిగ్రీలు తగ్గును; ఆవిరి హెచ్చును గనుక మంచినీరు మరువరాదు. విద్యుత్తు పోయిన వేళకు బ్యాటరీతో నడచు గాలిమోటారు నొకదానిని సిద్ధముగా ఉంచవలెను.

ఒక నిషేధము. తొట్టిలోని ఏ జీవమును, ఏ నాచును, తొట్టి నీటిని కూడ సముద్రమున విడువరాదు. సాగుకై తెచ్చిన కప్పాఫైకస్ అను పరదేశపు నాచు కురుసడై దీవి వద్ద పగడములపైకి ప్రాకి వానిని కప్పివేసిన సంగతి ఈ తీరమునకు తెలిసినదే.

చివరగా ఒక సూచన. తొట్టి ప్రక్కన ఒక దినచర్య పుస్తకము ఉండవలెను. అందు వేడిమి, ఉప్పదనము, పోసిన నీరు, వేసిన మేత ప్రతిదినము తెలుగులోనే వ్రాయవలెను. మన బిడ్డలలో అనేకులు ఇంట తెలుగు మాటలాడుదురు గాని చదువను, వ్రాయను నేర్వకున్నారు. బడిలో పవళమని నేర్చిన బిడ్డ ఇచ్చట పగడమని వ్రాయనిమ్ము. రెండు మాటలును సోదరులే. ఒకటి వచ్చుటచే రెండవది పోవలసిన పనిలేదు. వారమునకు ఇద్దరు పిల్లల వంతు, ఒక పెద్దవారి పర్యవేక్షణ, నెలకొకసారి కార్యవర్గమునకు లెక్క. ఈ ఏర్పాటునకు ముందుగా పేర్లు ఇచ్చువారున్నచో తొట్టి కొందము. లేనిచో ఆ ధనము పుస్తకములకు చెల్లును.