నోట పిల్లలను దాచు చేప



చేప తన పిల్లలను చూపుచేతను, తాబేలు తలంపుచేతను, పక్షి స్పర్శచేతను పెంచునని పెద్దలు చెప్పుదురు. గురువు శిష్యుని అనుగ్రహించు మూడు తెఱగులకు ఇవి దృష్టాంతములు. ఆఫ్రికా ఖండపు చేప యొకటి ఈ మూటికి నాలుగవదానిని చేర్చినది. అది పిల్లలను నోట నుంచుకొని పెంచును.

దాని పేరు మొజాంబిక్ తిలాపియా. తెలుగునాట పలువురు దానిని జిలేబీ చేప యందురు. శాస్త్రజ్ఞులు సిక్లిడ్ కుటుంబమున చేర్చిన జాతి యిది. జాంబెజీ నది దిగువ ప్రాంతము మొదలు దక్షిణాఫ్రికా తూర్పు తీరపు నదుల వరకు దీనికి పుట్టినిల్లు. మొజాంబిక్ సీమలో సంచరించిన జర్మను శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ పీటర్స్ 1852లో దీనిని లోకమునకు పరిచయము చేసెను.

గ్రుడ్లు పెట్టు కాలము రాగానే మగచేప మేను నల్లబడును, గొంతు తెల్లనగును, రెక్కల అంచులు ఎఱ్ఱబారును. లోతు తక్కువైన నీటి అడుగున నోటితో మన్ను తోడి పళ్లెము వంటి గుంట త్రవ్వి, అన్య మగచేపలను దరిచేరనీయక కాచును. ఆడుచేప వచ్చి అందు గ్రుడ్లుపెట్టి, వెంటనే వానిని నోటి కెత్తుకొనును. అంతటితో మగచేప బాధ్యత తీరినది. తల్లి బాధ్యత మొదలైనది.

కొలది దినములలో గ్రుడ్లు నోటియందే పొదుగును. ఆ కాలమంతయు తల్లికి మేత దాదాపు లేదు. పిల్లలు ఈద నేర్చి వెలికి వచ్చిన పిమ్మటను అపాయము తోచినంతనే తల్లి నోరు తెరచును. అవి బిలబిలమని లోన దూరును. పెద్ద చేప చిన్న చేపను మ్రింగుట మత్స్యన్యాయ మని లోకోక్తి. ఇచ్చట పెద్దచేప నోరే పసికూనలకు కోట.

ఈ రక్షణవలన పిల్లలలో బ్రతికి బట్టకట్టునవి పెక్కు. పాచి, కుళ్లిన ఆకులు, పురుగులు, చిఱుచేపలు అన్నియు దీనికి ఆహారమే. ఉప్పునీరైనను ఓర్చును, ప్రాణవాయువు కొఱవడిన నీటను నిలుచును. మిక్కిలి చలిని మాత్రము తాళలేదు.

ఇట్టి చేప పేదలకు చౌకగా పుష్టినిచ్చు నను తలంపుతో 1952లో దీనిని భారతదేశమునకు తెచ్చిరి. ఆశ మంచిదే, ఫలము వేఱైనది. వెచ్చని నీటిలో ఇది రెండు మూడు మాసములకే ఈడేరి, ఏడాదిలో పలుమాఱులు పిల్లలను పెట్టును. చెరువు క్రిక్కిరియును, మేత చాలదు, ఒక్క చేపయు తగినంత ఎదుగదు. బొచ్చె, రాగండి మొదలగు చేపల మేతకు ఇది పోటీ వచ్చును. ఆ కారణమున 1959లోనే దీని వ్యాప్తిని దేశమున నిషేధించిరి. కాని అప్పటికే నీటిపాలైన విత్తనమును ఏరివేయుట ఎవ్వరి తరము?

ఇంకొక విపరీతము కలదు. పరసీమలలో ఇట్లు పెచ్చుపెరిగిన ఈ జాతికి పుట్టినింటనే ముప్పు వాటిల్లినది. పెంపకమునకై అచటికి తెచ్చిన నైలునది తిలాపియా నదులలోనికి చొరబడి దీనితో కలియుటచే సంకరము పుట్టి, అసలు జాతి క్రమముగా మాసిపోవుచున్నది. అచట ఇది బాధితురాలు. ఇచట బాధ పెట్టునది. చేప మాత్రము ఒక్కటే.

కావున దోషము చేపది కాదు. తల్లిప్రేమయే దాని బలము. ఆ బలమునకు తగిన చోటు దాని స్వస్థలము. నేడు అనుమతి గొని నైలు తిలాపియాను పెంచువారు మగచేపలనే యేరి పెంచుటకు కారణము గూడ ఇదియే: సంతానము లేనిచో చెరువు క్రిక్కిరియదు; మేత కండగా మాఱును.

ఊరి చెరువు ఒక్కరి సొత్తు కాదు. ఎవ్వరో తెచ్చి యిచ్చిన పిల్లలను, తొట్టిలో విసుగుపుట్టిన చేపలను అందు వదలుటకు ముందు మత్స్యశాఖవారిని అడుగుట మేలు. దోసెడు చేపపిల్లలను నీట వదలుటకు క్షణము చాలును. తిరిగి తీయుటకు తరములు చాలవు.