నడుం నొప్పి – గర్భసంచి ఆపరేషన్ – మన సంఘం అప్పు

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ సంగతులు రిపోర్టులో అచ్చయ్యాయి కాబట్టి మేము మళ్ళీ చదవట్లేదు. నడుం నొప్పి గురించి చెబుతామండి.

మా సంఘంలో పదిమందిమి. ఊడుపులకి వెళ్ళేవాళ్ళం అయిదుగురం, కొబ్బరి పీచు పనికి ఇద్దరు, మిషను కుట్టే ఆవిడ ఒకరు, పాడి చూసుకునే ఆవిడ ఒకరు, అమలాపురంలో ఆఫీసు పనికి వెళ్ళే చెల్లి ఒకరు. నడుం నొప్పి లేనివాళ్ళు ఒక్కరూ లేరు. సార్వాకైనా దాళ్వాకైనా పొద్దున్నే మడిలో వంగితే అన్నాలవేళకి గానీ నడుం ఎత్తము. ఆఫీసు చెల్లి కంప్యూటర్ ముందు కుర్చీలోంచి లేవదు. “నీడపట్టున కూర్చునేదానివి, నీకేం నొప్పే” అని మేమే ఎగతాళి చేశాము. తప్పేనండి. వంగినా, కూర్చున్నా, గంటలకొద్దీ ఒకే తీరున ఉంటే నడుం పట్టేస్తుంది.

అసలు సంగతికి వస్తాము. రెండేళ్ళ కిందట మా సంఘంలో ఒక వదినకి నడుం నొప్పి, తెల్లబట్ట. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ వస్తుందన్నారు. ఆవిడ అడిగిందే తడవు తీర్మానం రాసి అప్పు ఇచ్చేశాము. మంచి పని చేశామనే అనుకున్నాము. అప్పటికి ఆవిడకి 34 ఏళ్ళు. ఆపరేషన్ అయ్యింది, మూడు నెలలు కూలి పోయింది, ఒళ్ళంతా ఆవిర్లు మొదలయ్యాయి. నడుం నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. వాయిదా కట్టడానికి మళ్ళీ అదే మడిలో వంగింది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని లెక్కేస్తే, మన రాష్ట్రంలో వందకి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద వందకి 3. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ముందే ఆగిపోయి ఎముకలు తొందరగా గుల్లబారతాయి. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ ఉంటే ఆపరేషన్ కావాల్సి రావచ్చు, కాదనము. తెల్లబట్టకి చాలాసార్లు మందులు సరిపోతాయి.

నడుం నొప్పికి మంచం మీద పడుకోవడం కన్నా మెల్లగా తిరగడం మంచిది. ఏళ్ళ తరబడి ఉన్న నొప్పికి వ్యాయామం చేయమనీ, బెల్టులు మామూలుగా వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మేము ఇప్పుడు మడిలో అరగంటకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టి వెనక్కి వంగుతున్నాము. మేస్త్రి మొదట్లో గొణిగాడు, ఇప్పుడు అలవాటైపోయింది. మెడికల్ షాపు నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కాలు చచ్చుబడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలండి. నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకూడదు.

గర్భసంచి ఆపరేషన్‌కి అప్పు అడిగితే, ప్రాణం మీదకి వచ్చిన కేసు కాకపోతే, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టరుకి చూపించాలని మా సంఘం తీర్మానం రాసుకుంది. “మీరేమైనా డాక్టర్లా?” అని ఒకావిడ గట్టిగానే అడిగింది. కాదు, అందుకే ఇంకో డాక్టర్ని అడగమంటున్నాము. అప్పు ఆపము, తోడుగా ఒకరం వెళ్తాము, ఆటో ఛార్జీ సంఘం పెట్టుకుంటుంది.

ఈ మాటలు సభలో చెప్పమన్నది ఆ వదినే. ఆవిడకి ఇంకా ఆరు వాయిదాలు ఉన్నాయండి.