వైటల్స్: కొలిచే పద్ధతి, అర్థం చేసుకునే పద్ధతి

(ద్వారకా నగర్‌లో వైద్య శిబిరాల వాలంటీర్లకు చేసిన ప్రసంగ పాఠం)

 

ఉచిత శిబిరానికి వచ్చిన మనిషి ముందుగా చూసేది డాక్టరుగారిని కాదు, చీటీ రాసే మిమ్మల్ని. వంద మంది వరుసలో ఉన్నప్పుడు ఎవరిని ముందు లోపలికి పంపాలో మీరు వేసే అంకెలే చెబుతాయి. నాడి, శ్వాస, జ్వరం, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్: ఈ ఐదింటినీ ఆసుపత్రిలో వైటల్స్ అంటారు.

మొదట నాడి. హకీముగారు నబ్జ్ చూడడం మన ఇళ్లలో పెద్దలకు తెలిసిన విషయమే. ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో నాడి వేగం, బలం, లయ గురించి విడివిడిగా వివరించారు. ఈనాటికీ మనం చూడవలసినవి అవే. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు మూడు వేళ్లు ఆనించండి. మీ బొటనవేలితో చూడకండి, దానిలో మీ నాడే తగులుతుంది. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు. లయ తప్పుతుంటే నిమిషమంతా లెక్కపెట్టి, ‘క్రమం లేదు’ అని రాయండి. అలాంటివారికి ఇ.సి.జి. అవసరం. గుండె లయ తప్పడం వల్ల పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

రెండవది శ్వాస. చీటీల్లో ఎక్కువగా అంచనాతో నింపేసే గడి ఇదే. పది చీటీల మీద వరుసగా 18 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని డాక్టరుగారికి వెంటనే తెలిసిపోతుంది. నాడి చూస్తున్నట్టే చేయి పట్టుకుని, ఛాతీ కదలికను నిమిషం పాటు లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడు. పెద్దవారికి 12 నుంచి 20 మామూలు. పిల్లల విషయంలో ఈ లెక్క ప్రాణాలు కాపాడుతుంది. దగ్గుతో వచ్చిన బిడ్డకు రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా అని అనుమానించాలి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఆ తల్లిని వరుసలో నిలబెట్టకండి. బిడ్డ ఏడుపు ఆగాకే లెక్కపెట్టాలి.

మూడవది జ్వరం. 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరం. చంకలో పెట్టి చూస్తే అసలు కంటే కాస్త తక్కువ చూపుతుంది. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఎండలోంచి వచ్చిన మనిషి దగ్గర తప్పు చెప్పవచ్చు. కాసేపు నీడలో కూర్చోబెట్టాక చూడండి. మన ఊరి ఉక్కపోతలో పోర్టులో, స్టీల్ ప్లాంటులో, కట్టడాల దగ్గర పనిచేసేవారు 104 దాటిన వేడితో, పొంతన లేకుండా మాట్లాడుతూ వస్తే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా నీళ్లతో ఒళ్లు తడిపి విసరాలి.

నాలుగవది రక్తపోటు. 1905లో రష్యన్ వైద్యుడు కొరొట్‌కాఫ్ చేతి మీద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతిని చెప్పారు. ఇప్పుడు మిషన్లు వచ్చినా నియమాలు మారలేదు. ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి. వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడించకూడదు. అంతకు ముందు అరగంటలో టీ, సిగరెట్ ఉండకూడదు. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపుతుంది. బుర్ఖా చేయి మీదుగా పట్టీ కట్టినా, బిగుతుగా పైకి మడిచినా కొలత తప్పుతుంది. అందుకే ఆడవారికి పరదా చాటు, చెల్లెళ్లలో ఒకరు తప్పనిసరి. ఈ ఏర్పాటు లేక వెనుదిరిగిన తల్లి మళ్లీ రాకపోవచ్చు.

ఒక్కసారి 140/90 కనిపించగానే ‘మీకు బీపీ ఉంది’ అని చెప్పకండి. కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, మరో రోజు కూడా చూపించుకోమనండి. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. రంజాన్‌లో మాత్రల వేళలు మార్చుకోవలసినవారు నెల మొదలు కాకముందే డాక్టరును కలవాలి. సొంతంగా మానకూడదు.

ఐదవది ఆక్సిజన్. కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఇంటింటికీ వచ్చింది. 95, ఆ పైన మామూలు. 90 కంటే తగ్గితే అత్యవసరం. గోళ్ల రంగు, నల్ల గోరింటాకు, చల్లబడిన వేలు దాన్ని పొరపాటు పడేలా చేయవచ్చు. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగుల్లో తగ్గిన ఆక్సిజన్‌ను ఈ పరికరం దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయింది. కాబట్టి అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. వందల మందిని కేజీహెచ్‌కు, ఇతర ఆసుపత్రులకు తరలించారు. పరిశ్రమల మధ్య బతుకుతున్న ఊరు మనది. అలాంటి రోజున ఎవరు ముందు అని తేల్చేవి ఈ కొలతలే. పిలిస్తే పలుకుతున్నారా అన్నది వాటికి తోడు.

చివరగా సొసైటీ పెద్దలకు ఒక మనవి. చీటీలో ఇంకో రెండు గడులు చేర్చండి: ‘ఎక్కడికి పంపాం’, ‘వెళ్లారా’. రక్తపోటు ఎక్కువున్న ఆటో అన్నకు కాగితం ఇచ్చి పంపితే అది జేబులో నలిగిపోతుంది. వారం తర్వాత ఒక వాలంటీరు ఫోన్ చేసి ‘అన్నా, చూపించుకున్నారా? మాత్రలు దొరికాయా?’ అని అడిగితేనే ఆ అంకెకు ఫలితం. శిబిరం ఒక పూటతో ముగుస్తుంది. రక్తపోటు మందు ఏళ్ల తరబడి వాడవలసింది. ఆ మధ్య దూరాన్ని మీరు నింపాలి.